చుట్ట సంగతి ఎవరడిగారు?

ఇంగ్లీషు మాటకి తెలుగు మాట తట్టకపోతే ఆ ఆఫీసులో అందరూ జాయ్స్ సీటు దగ్గరికే వచ్చేవారు. హైటెక్ సిటీలో, ఎనిమిదో అంతస్తులో, ముప్ఫై మంది పనిచేసే చిన్న కంపెనీ అది. ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చే ప్రమాదం ఎవరికి ఎక్కువో, ఫోన్లోనే పన్నెండు ప్రశ్నలు అడిగి చెప్పే యాప్ ఒకటి తయారుచేస్తున్నారు. ప్రమాదం తక్కువైతే ఆకుపచ్చ తెర వస్తుంది. ఎక్కువైతే ఎర్ర తెర వచ్చి, డాక్టర్ని కలవమంటుంది. ప్రశ్నలు డాక్టర్లు ఇంగ్లీషులో రాసిస్తారు. వాటిని తెలుగులో పెట్టడం జాయ్స్ పని.

ఆ పనంటే ఆమెకి ప్రాణం. వాళ్ల ఇంటావంటా డిగ్రీ చదివినవాళ్లు లేరు. తండ్రి సాల్మన్ ఆమె ఆరో తరగతిలో ఉండగానే జ్వరమొచ్చి పోయాడు. తల్లి సువార్తమ్మ శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డున ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, ఊరూరా తిరిగి అమ్మి, ఆ ఒక్క పిల్లనీ చదివించింది. కాలేజీలో మొదటిరోజు జాయ్స్ లెక్చరర్ని "ఏటండీ?" అని అడిగితే క్లాసంతా ఘొల్లున నవ్వింది. ఆ రోజు నుంచి ఊరి మాటని చెప్పుల్లాగా గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్లడం అలవాటు చేసుకుంది. పుస్తకంలో ఉన్నది తెలుగు, అమ్మ మాట్లాడేది యాస. ఆమె మనసులో అలా ఒక గీత పడిపోయింది.

అందుకే ఆరో ప్రశ్న దగ్గర ఆమెకి సందేహమే రాలేదు. "మీకు ధూమపానం అలవాటు ఉందా? గతంలో ఉండేదా?" అని రాసింది. టీం లీడ్ బాలుది విజయవాడ. అతను చదివి, "బాగుందండీ డిక్షనరీ గారూ! బస్టాండులో బోర్డులా గంభీరంగా ఉంది" అన్నాడు. జాయ్స్ దాన్ని మెచ్చుకోలు కిందే జమ వేసుకుంది.

జూన్ నెలలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆ ప్రశ్నలు ముందు అమ్మ మీదే పరీక్షించి చూద్దామనుకుంది. మూసాపేటలో వాళ్లు అద్దెకున్నది రెండో అంతస్తు. వంటింట్లో సువార్తమ్మ కింద కూర్చుని నెత్తళ్ల చేపల తలలు గిల్లుతోంది.

"అమ్మా, నీ వయసెంత?"

"ఆదార్ కార్డులో ఉన్నదా, నిజంగా ఉన్నదా?"

"ఆధార్‌లోదే చెప్పు."

"అరవయ్యొకటి."

కట్టెల పొయ్యి మీద వండావా అంటే పెళ్లైన కాడ్నించీ అదే అంది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అంటే లేదంది. ఆరో ప్రశ్న వచ్చింది.

"మీకు ధూమపానం అలవాటు ఉందా?"

"ఏటది?"

"సిగరెట్లూ అవీ తాగడం అమ్మా."

సువార్తమ్మ చేతిలో చేప అలాగే పట్టుకుని కూతురికేసి చూసింది. "నానేటి, మొగోణ్ణనుకున్నావేటే?"

ఇద్దరూ పకపకా నవ్వారు. జాయ్స్ "లేదు" అన్నచోట నొక్కింది. అబద్ధం చెప్పాలని కాదు. ఆ క్షణాన ఆమెకి నిజంగానే ఏదీ గుర్తు రాలేదు. ఇంకో ఆరు ప్రశ్నలు అయ్యాక ఫోన్ తెర పచ్చటి మామిడాకులా వెలిగింది. "మీకు ప్రమాదం తక్కువ."

సువార్తమ్మ సంబరం అంతా ఇంతా కాదు. ఆ తెర ఫొటో తన ఫోన్లోకి పంపించుకుంది. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లకి చూపించింది, కూరగాయల బండివాడికి చూపించింది. "మా అమ్మాయి ఆపీసోలు సూసి సెప్పినారు. నా ఊపిరి పచ్చగుందట."

ఆగస్టు వానల్లో ఆమెకి దగ్గు పట్టుకుంది.

మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వానాకాలం, నెమ్ము చేసిందనుకున్నారు. మిరియాల కషాయం తాగింది. వీధి చివర క్లినిక్‌లో డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసి, "స్మోకింగ్ ఏమైనా ఉందా?" అని అడిగితే, పక్కనున్న జాయ్సే "లేదండీ" అని చెప్పింది. ఆయన రెండు సిరప్‌లు రాసిచ్చాడు. ఒక సీసా అయిపోయింది, రెండోదీ అయిపోయింది, దగ్గు మాత్రం ఇల్లు ఖాళీ చేయలేదు.

కింద వాటాలో ఉండే ఇంటావిడ జయలక్ష్మి ఒకరోజు మెట్ల మీద నిలబెట్టి అడిగింది. "ఏందమ్మా సువార్తమ్మా, నెలన్నర సంది గిట్లనే దగ్గుతున్నవ్. మనిషివి గూడ సన్నబడ్డవ్. జర పెద్ద దవాఖాన్ల సూపియ్యరాదు?"

సువార్తమ్మ కొంగులోంచి ఫోన్ తీసి ఆ పచ్చ ఫొటో చూపించింది. "ఇదిగో సూడండమ్మా. ఊపిరికేటీ ఇబ్బంది నేదు. ఇది ఉత్త నెమ్ము."

"గది ఫోను. దవాఖాన కాదు" అంది జయలక్ష్మి.

"మా పిల్ల రాసిందండీ!"

పైనుంచి వింటున్న జాయ్స్‌కి ఆ మాట గర్వంగానే అనిపించింది. కానీ రాత్రిళ్లు గోడవతల దగ్గు వినిపిస్తుంటే, ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటున్నట్టూ ఉండేది. పెద్దాసుపత్రికి వెళదామని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ తల్లి ఆ పచ్చ ఫొటోనే అడ్డం పెట్టింది. తను రాసిన ప్రశ్నల మీద తనే అనుమానపడటం ఎందుకని జాయ్స్ కూడా ఊరుకుంది.

సెప్టెంబరు మూడో వారంలో యాప్‌ని జనం మీద పెట్టి చూడమన్నారు. చదువు పెద్దగా లేనివాళ్లకి ప్రశ్నలు అర్థమవుతున్నాయో లేదో తెలియాలి. ఎక్కడికో పోవడం ఎందుకని బాలు ఆ బిల్డింగులోనే హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లని పదిమందిని పిలిపించాడు. భోజనాల వేళ దాటాక, క్యాంటీన్ మూల బల్ల దగ్గర జాయ్స్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడగసాగింది. నాలుగో మనిషి పార్వతమ్మ. యాభై అయిదేళ్లుంటాయి. నీలం కోటు మీద పేరు బిళ్ల తలకిందులుగా పెట్టుకుంది.

"మీకు ధూమపానం అలవాటు ఉందా అమ్మా?"

"ఉందండి. శుక్కురోరం ఏత్తాను."

జాయ్స్ తలెత్తింది. "శుక్రవారమా?"

"అవునండి, అమ్మోరి పటం ముందు. సాంబ్రాణి ధూపం."

పక్క కుర్చీలో నోట్సు రాసుకుంటున్న బాలు నవ్వాపుకోలేక నీళ్ల గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. జాయ్స్ నవ్వలేదు. మళ్లీ అడిగింది.

"ధూపం కాదమ్మా. సిగరెట్లు తాగుతారా?"

"సీ సీ! ఆడముండని, సిగిరెట్టు నాకెందుకండి?"

"పోనీ, బీడీ?"

"నేదండి."

ఫోన్ మీద జాయ్స్ వేలు "లేదు" వైపు వెళుతోంది. అప్పుడామెకి పార్వతమ్మ కింది పెదవి కనిపించింది. పెదవి లోపలి అంచు నల్లగా కమిలిపోయి ఉంది. ఆ నలుపు ఆమె ఎరిగినదే. చిన్నప్పుడు ఆ నలుపుకి దగ్గరగా చెవి పెట్టి కథలు విన్నది.

వేలు ఆగిపోయింది. తొమ్మిదేళ్లుగా గుమ్మం బయటే ఉండిపోయిన మాట, ఆ ఎనిమిదో అంతస్తులో, ఏసీ కింద, ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"సుట్ట కాలుత్తావేటమ్మా?"

పార్వతమ్మ మొహం చేటంతయింది. "ఓలమ్మా! మీది మా పక్కేటి? సుట్టయితే కాలుత్తానండి. అడ్డపొగ. రోజుకి మూడు. మద్దేనం పూట ఒకటి ఎక్కువే అవుద్ది. ఆ సంగతి మీరడిగితేనా!"

"అడ్డపొగంటే?" అన్నాడు బాలు.

"నిప్పు నోట్లోకెట్టీసుకోడమండి. నిప్పున్న కొస లోపలికి, నిప్పు నేని కొస బయటికి. మా ఒడ్డున గాలికి సుట్ట ఆరిపోద్ది కదా. నోట్లో అయితే ఆరదు. సేతులు కాలీగా ఉంటాయి, పన్జేసుకోవచ్చు."

బాలు రాస్తున్న పెన్ను అలాగే ఉండిపోయింది. జాయ్స్‌కి మాత్రం ఆ మాటలు చెవిలోకి వెళ్లడం లేదు. ఆమె కళ్ల ముందు సువార్తమ్మ కనిపిస్తోంది. నెత్తిన గంప, రెండు చేతుల్లో రెండు సంచులు, మూసిన నోటి మూలలోంచి సన్నగా పొగ. పన్నెండో ఏట మొదలుపెట్టింది. యాభై అయిదో ఏట మూసాపేట వచ్చాక, మెట్ల మీద జయలక్ష్మి ముక్కు మూసుకుని "ఏంది గీ వాసన?" అన్నందుకు, ఆ పూటే చుట్టల కట్ట చెత్తబుట్టలో పారేసింది. మళ్లీ ముట్టలేదు. నలభై మూడేళ్ల పొగ అది. దాన్ని జాయ్స్ ఎప్పుడూ పొగ కింద లెక్కపెట్టలేదు. పొగ తాగడమంటే ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర మెడలో బిళ్లలు వేలాడేసుకుని నిలబడే మగపిల్లల పని. అమ్మ చుట్ట అమ్మ ముక్కుపుడక లాంటిది. ఆ మొహంలో ఒక భాగం. అంతే అనుకుంది.

"బాలు గారూ, నేను ఇంటికెళ్లాలి" అంది లేచి.

"ఇంకా ఆరుగురున్నారుగా?"

"ఆరో ప్రశ్న తప్పండి. నేను తప్పు రాశాను. మా అమ్మకి తప్పు జవాబు నొక్కాను. మూడు నెలలైంది."

బాలుకి సగమే అర్థమైంది, అయినా తలూపాడు. "వెళ్లండి. మిగతావాళ్లని రేపు పిలుద్దాం" అన్నాడు. జాయ్స్ రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. పార్వతమ్మ పక్కన వంగి, "అమ్మా, నీకు దగ్గుందేటి?" అని అడిగింది. లేదంది పార్వతమ్మ. "దగ్గు నేకపోయినా ఓపాలి డాట్టరుకి సూపించుకోవాల. నోరూ సూపించాల, గుండెలూ సూపించాల. నాను తీసుకెళ్తాను" అని చెయ్యి పట్టుకుని చెప్పి, అప్పుడు కదిలింది.

మెట్రోలో అమీర్‌పేట దాకా వచ్చి, రైలు మారి మూసాపేటలో దిగేసరికి నాలుగున్నర. సువార్తమ్మ మంచం మీద కూర్చుని చీర మడతపెడుతోంది. కూతురు చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా కూర్చునేసరికి కంగారుపడింది.

"ఏటే, ఉద్దోగం గాని పోనాదా?"

"లేదమ్మా. నువ్వు రోజుకెన్ని చుట్టలు కాల్చేదానివి?"

"ఇప్పుడెందుకా గోల? ఎప్పుడో మానీసినాను కదా."

"చెప్పమ్మా."

"నాలుగు. సంతరోజైతే ఆరు."

జాయ్స్ ఫోన్ తీసి ఆరో ప్రశ్నకి "అవును" నొక్కింది. దగ్గు ప్రశ్నకీ "అవును" నొక్కింది. తెర ఎర్రగా మెరిసింది. అది తల్లి వైపు తిప్పి చూపించింది.

సువార్తమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. "మొన్న పచ్చగా ఉన్నాది. ఇయ్యాల ఎర్రగా ఉన్నాది. ఇది ఫోనా, ఊసరవెల్లా?"

"ఫోన్ తప్పు కాదమ్మా, నాది. చుట్ట సంగతి అడగాల్సింది అడగలేదు. ధూమపానం అన్నాను. 'లేదు' అని నొక్కింది నేనే. క్లినిక్‌లో లేదని చెప్పిందీ నేనే." ఫోన్ మంచం మీద పెట్టేసింది. "రేపు పొద్దున్న కొత్తగూడలో పెద్దాసుపత్రికి వెళ్తున్నాం. దీనికి మాత్రం నువ్వు అడ్డు చెప్పకు."

సువార్తమ్మ చీర మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. కూతురి తల మీద చెయ్యి వేసింది. "నువ్వు సదూకున్న మాటతో అడిగినావు. నాను నాకు తెలిసిన మాటతో సెప్పినాను. మద్దిలో సుట్ట పడిపోనాది. దానికెందుకే అంత ఇదైపోతావు? ఎల్దాం లే."

డాక్టర్ విశ్వేశ్వరరావు గారిది కాకినాడ దగ్గర పల్లె. జుట్టు తెల్లబడినా మాటలో తొందర లేదు. సువార్తమ్మని చూడగానే, "నోరు తెరవండమ్మా" అని టార్చి వేసి అంగిలి చూశాడు. "ఏళ్ల తరబడి అడ్డపొగ పీల్చారన్నమాట" అన్నాడు. జాయ్స్ తెల్లబోయింది. తను మూడు నెలలు పొరబడిన సంగతి ఈయనకి మూడు సెకన్లలో తెలిసిపోయింది.

"మానీసి ఆరేళ్లయినాది బాబూ" అంది సువార్తమ్మ, ముందే చెప్పేస్తే మంచిదన్నట్టు.

"చాలా మంచి పని చేశారు. మానేసిన ఏడాది నుంచి ఏటా ప్రమాదం తగ్గుతూ వస్తుంది. అయితే ఆరేళ్లకే సున్నా అయిపోదమ్మా. అందుకే మానేసినవాళ్లని కూడా చూడాలి. చుట్టకి తోడు మీకు కట్టెల పొయ్యి కూడాను."

"అస్సలు తాగనివాళ్లకి రాదాండీ?" అని జాయ్స్ అడిగింది.

"వస్తుంది. పక్కవాళ్లు వదిలిన పొగ వల్ల రావచ్చు, వంటింటి పొగ వల్ల రావచ్చు, ఏ కారణమూ చెప్పలేకుండానూ రావచ్చు. పొగ తాగినవాళ్లలో మాత్రం చాలా ఎక్కువ. ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్రమాదం ఉందంటే జబ్బు ఉందని కాదు. ప్రమాదం తక్కువంటే జబ్బు లేదని కూడా కాదు. మూడు వారాలు దాటి దగ్గు ఉంటే మాత్రం ఎవరైనా సరే, ఫోన్ ఏ రంగు చూపించినా సరే, వచ్చి చూపించుకోవాలి."

ఆ చివరి వాక్యం జాయ్స్ అక్కడికక్కడే చేతి వెనక పెన్నుతో రాసుకుంది.

గళ్ల పరీక్ష చేశారు. టీబీ లేదు. స్కానింగ్ తీశారు. రెండోరోజు డాక్టరు గారు కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మచ్చ చూపించాడు. రేగిపండంత ఉంది.

"ఇలాంటి చిన్న మచ్చలు చాలామందికి ఉంటాయి. ఎక్కువభాగం ఏమీ కాదు. కానీ దీని అంచులు నాకు నచ్చలేదు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిద్దాం."

ఎనిమిది రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ ఎనిమిది రోజుల్లో జాయ్స్ ఆఫీసుకి వెళ్లి ఆరో ప్రశ్నతో కుస్తీ పట్టింది. బాలుకి ఒక అడ్డంకి కనిపించింది. "సిగరెట్టుకి రోజుకెన్ని, ఎన్నేళ్లు అని లెక్క ఉంది. అడ్డపొగకి లెక్క ఎలా వేస్తాం? డాక్టర్లు ఒప్పుకోవాలిగా?"

"లెక్క తేలకపోతే డాక్టర్నే లెక్క వేయమందాం. అడ్డపొగ అంటే నేరుగా ఎర్ర తెర. దగ్గు మూడు వారాలు దాటినా నేరుగా ఎర్ర తెర. లెక్క కుదరలేదని మనిషిని పచ్చలో పడేస్తామా బాలు గారూ?"

ఆమె అంత గట్టిగా మాట్లాడటం బాలు ఎప్పుడూ వినలేదు. "నార్సింగిలో మా ఇంటి పక్కనే ఉంటారు మన మెడికల్ టీం పెద్దాయన. ఈ సాయంత్రమే పట్టుకుంటాను" అన్నాడు. పట్టుకున్నాడు కూడా. ఆయన ఒప్పుకున్నాక ఆరో ప్రశ్న ఇలా మారింది: "సిగరెట్, బీడీ, చుట్ట, అడ్డపొగ, హుక్కా, వీటిలో ఏదైనా కాలుస్తారా? ఎప్పుడో మానేసినా 'అవును' అనే నొక్కండి." కింద ఒక స్పీకర్ బొమ్మ. నొక్కితే ప్రశ్న వినిపిస్తుంది. తెలంగాణ మాటలో ఒకసారి, కోస్తా మాటలో ఒకసారి, శ్రీకాకుళం మాటలో ఒకసారి. మూడోది చదివింది జాయ్సే.

ఎనిమిదోరోజు రిపోర్టు వచ్చింది. కేన్సరే.

డాక్టరు గారు మాట నమలకుండా చెప్పాడు. "ఊపిరితిత్తుల కేన్సరమ్మా. ఇంకో స్కాన్ కూడా చూశాం, ఎక్కడికీ పాకినట్టు లేదు. మొదటి దశ. ఈ దశలో దొరికేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉంది. ఆలస్యం చేయొద్దు."

సువార్తమ్మ రిపోర్టు మడిచి కొంగులో పెట్టుకుంది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక అంది. "కత్తి ఎట్టనివ్వను."

"అమ్మా!"

"మా పక్కింటి అప్పలసూరికి ఏటయినాది? పొట్ట కోసినారు, మూసినారు, నెల తిరక్కుండా పోనాడు. ఈ జబ్బుకి కత్తి తగిలితే ఒల్లంతా పాకిపోద్ది. అందరికీ తెలిసిందే."

జాయ్స్ ఆ రోజు వాదించలేదు. మర్నాడు వాదించింది. ఫోన్లో డాక్టరు గారి చేత చెప్పించింది. "అప్పలసూరికి కత్తి తగలకముందే పాకిపోయి ఉంటుందమ్మా. ఆలస్యంగా చూసి నెపం కత్తి మీద పెట్టారు" అని ఆయన ఓపిగ్గా చెప్పాడు. సువార్తమ్మ విని, "మంచోడే" అని ఫోన్ కూతురి చేతికిచ్చింది. అంతే. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, దేవుడు డాక్టర్లని కూడా ఇచ్చాడమ్మా అన్నాడు. దానికీ ఆమెన్ అంది గానీ, సరే అనలేదు. మూడు రోజులు గడిచాయి. ఆపరేషన్‌కి తేదీ చెప్పమని ఆసుపత్రివాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు.

నాలుగోరోజు పొద్దున్నే జయలక్ష్మి పైకొచ్చింది. ఊరినుంచి తెప్పించుకున్న ఎండుచేపలు ఒక సంచి తెచ్చి సువార్తమ్మ ముందు గుమ్మరించింది. "గివి జర సూడమ్మా. వాసన వస్తున్నయ్. పారెయ్యాల్నా?"

సువార్తమ్మకి చేప కనిపిస్తే చేతులు ఆగవు. ఒక్కొక్కటీ తీసి వెలుగులో పెట్టి, మడిచి, వాసన చూసి రెండు కుప్పలు వేసింది. ఒక పెద్ద చేప తోక దగ్గర చెమ్మ పట్టి పచ్చబడింది. కత్తిపీట లాక్కుని ఆ ముక్క కచక్కున కోసి అవతల పడేసింది.

"పాడైంది గీ ముక్క ఒక్కటేనా? మిగిలింది మంచిదేనా?" అంది జయలక్ష్మి.

"మంచిదే. బేగి సూసినాం కాబట్టి ముక్కే పోద్ది. ఇంకో వారం ఒగ్గేస్తే సంచంతా..."

మాట సగంలో ఆగింది. సువార్తమ్మ కత్తిపీట మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు ఆ చేపకేసి చూసింది. గుమ్మంలో నిలబడ్డ జాయ్స్ అంతా చూస్తూనే ఉంది. ఒక్క మాట కూడా కలపలేదు. కలిపితే చెడుతుందని ఆమెకి తెలుసు. జయలక్ష్మికి మాత్రం ఆ తెలివి లేకపోబట్టి అనేసింది. "మరి నీకు గదే గదా డాక్టరు సెప్పేది? చేపకో న్యాయం, నీకో న్యాయమా?"

సువార్తమ్మ ఆమెకేసి కొరకొరా చూసింది. తర్వాత దగ్గొచ్చింది. దగ్గాగాక కూతురితో అంది. "ఆ డాట్టరుకి సెప్పు. వచ్చీ వారం అని. కానీ కోసింది నాకు సూపించాల. ముప్పయ్యేల్లు చేపలమ్మినాను, తూకం తప్పితే ఒప్పుకోను."

అక్టోబరు రెండో మంగళవారం ఆపరేషన్ చేశారు. పక్కటెముకల మధ్య చిన్న చిన్న కోతలు పెట్టి, కెమెరాతో చూసుకుంటూ కుడి ఊపిరితిత్తి పై భాగం తీసేశారు. నాలుగు గంటలు పట్టింది. బయట కుర్చీలో జాయ్స్, ఆమె పక్కన జయలక్ష్మి, ఆ పక్కన తన షిఫ్టు మార్పించుకుని వచ్చిన పార్వతమ్మ కూర్చున్నారు. పార్వతమ్మకి జాయ్స్ క్రితం వారమే పరీక్షలు చేయించింది. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. అంగిలి మీద తెల్లటి పొర ఉంది, చుట్ట మానేస్తే తగ్గుతుందన్నారు. "తొమ్మిది రోజులయినాదమ్మా" అని వేళ్లు లెక్కపెట్టి చూపించింది. ఆ లెక్క చెప్పడానికే వచ్చినట్టుంది.

ఆరోరోజు డాక్టరు గారు మంచం దగ్గరికి వచ్చి రిపోర్టు చదివాడు. కోసిన భాగం అంచుల్లో కేన్సర్ లేదు. చుట్టుపక్కల గ్రంథుల్లోనూ లేదు. కీమో అక్కర్లేదు. ఆర్నెల్లకోసారి వచ్చి స్కాన్ తీయించుకోవాలి, రోజూ నడవాలి, ఊపిరి గట్టిగా లాగే వ్యాయామం మానకూడదు.

"అయితే బాగుపడిపోయినట్టేనా బాబూ?"

"అయిదేళ్లు గడిస్తే ఆ మాట గట్టిగా అంటాను. ఇవాళ్టికి మాత్రం ఇంతకంటే మంచి రిపోర్టు నేను చదవలేనమ్మా."

"అయిదేళ్లే కదా" అంది సువార్తమ్మ, అదేదో వారం రోజులన్నట్టు.

ఎనిమిదోరోజు ఇంటికి తీసుకొచ్చారు. ఆటో దిగి మూసాపేట ఇంటి మెట్ల ముందు నిలబడేసరికి జయలక్ష్మి కుర్చీ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఇద్దరు మొగోళ్లను పిలుస్త, కుర్చీల గూసోబెట్టి మోసుకపోతరు. ఆగు!"

"కుర్చీ అక్కడెట్టండి. నాను ఎక్కుతాను."

జాయ్స్ చెయ్యి అందించబోయింది. సువార్తమ్మ వద్దంది. గోడకి ఎడమచెయ్యి ఆనించి మొదటి మెట్టు ఎక్కింది. డాక్టరు నేర్పినట్టు ముక్కుతో లోపలికి లాగి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా వదిలింది. రెండో మెట్టు. మూడో మెట్టు. ఏడో మెట్టు దగ్గర ఆగింది. జాయ్స్ ఒక మెట్టు కింద, చేతులు రెండూ ముందుకు చాచి, పట్టుకోకుండా నిలబడింది.

"ఆయాసమా అమ్మా?"

"ఉండవే, ఊపిరి సరిసూసుకుంటన్నాను." లోపలికి లాగింది, వదిలింది, ఇంకోసారి లాగింది. పైకి చూసి, మిగిలిన మెట్లు ఎన్నున్నాయో అంచనా వేసింది. "సరిపోద్ది" అని మళ్లీ కాలెత్తింది.